ఇంటిలో వీడియో స్ట్రీమింగు - విద్యుత్తును ఆదా చేసే సాధనాల ఎంపిక

అంతర్జాలం ద్వారా వచ్చే సినిమాలు, ధారావాహికలు, పాఠాలు, వార్తలు మొదలైన వీడియోలను ఇంటిలో చూడడానికి తక్కువ విద్యుత్తుతో పనిచేసే సాధనాలను ఎన్నుకొని, వాటిని తగిన విధంగా వాడుకోవడం గృహ ఇంధన పొదుపులో ఒక భాగం. వీడియోను ముందుగా పూర్తిగా దించుకొని దాచుకోకుండా, డేటా వస్తూ ఉండగానే చూడడాన్ని స్ట్రీమింగు అంటారు. ఒకే సినిమాను మొబైలు ఫోనులో చూసినప్పుడు ఆ సాధనం తీసుకునే విద్యుత్తుకు, 55 అంగుళాల టీవీ తీసుకునే విద్యుత్తుకు మధ్య యాభై రెట్లకు పైగా తేడా ఉండవచ్చును. ఇంటిలో అయ్యే ఈ ఖర్చును ముఖ్యంగా మూడు విషయాలు నిర్ణయిస్తాయి. అవి తెర వైశాల్యం, తెర కాంతి, ఎవరూ చూడని వేళలో కూడా పనిచేస్తూ ఉండే పరికరాలు. వీటిలో మూడవదానిని ఎక్కువమంది గమనించరు.

నేపథ్యం

భారతదేశంలో చాలా కాలం టీవీ ప్రసారాలు యాంటెన్నా ద్వారా, తరువాత కేబులు, డీటీహెచ్ ద్వారా ఇళ్ళకు చేరేవి. 2015లో హాట్‌స్టార్, 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, అదే సంవత్సరం డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో దేశంలో సేవలు ప్రారంభించాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైలు డేటా ధరలు బాగా తగ్గి, స్ట్రీమింగు సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. ప్రధానంగా తెలుగు చిత్రాలు, కార్యక్రమాలు అందించే ఆహా 2020లో మొదలయింది. అదే సంవత్సరం కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు తరగతులు కూడా ఫోనులోకి, టీవీలోకి చేరాయి.

ఈ మార్పుతో ఇంటిలో విద్యుత్తు తీసుకునే వస్తువుల సంఖ్య పెరిగింది. పూర్వం ఒక టీవీ మాత్రమే ఉన్నచోట ఇప్పుడు టీవీతో పాటు రౌటరు, సెట్‌టాప్ బాక్సు, స్ట్రీమింగు స్టిక్కు, సౌండ్‌బారు కూడా ఉంటున్నాయి. టీవీ తెరలు పూర్వపు పిక్చర్ ట్యూబు నుండి ఎల్ఈడీకి మారడం వలన ఒకే పరిమాణానికి అయ్యే విద్యుత్తు బాగా తగ్గింది. కాని తెరలు పెద్దవి కావడంతో ఆ పొదుపులో కొంత చేజారిపోయింది.

విద్యుత్తు ఎక్కడెక్కడ ఖర్చవుతుంది

స్ట్రీమింగుకు అయ్యే విద్యుత్తు మూడు చోట్ల ఖర్చవుతుంది.

* వీడియోలను నిలువ చేసి పంపే డేటా కేంద్రాలు
* ఆ డేటాను ఇంటి వరకు చేర్చే ఫైబరు, మొబైలు టవర్లు, ఇంటిలోని రౌటరు మొదలైనవి
* చూసేవారి చేతిలోని లేదా గోడ మీది సాధనం

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం 2019లో ఒక గంట స్ట్రీమింగుకు సగటున సుమారు 0.077 యూనిట్ల విద్యుత్తు అయింది. ఇందులో 72 శాతం చూసే సాధనాల వద్ద, 23 శాతం డేటా రవాణాలో, 5 శాతం డేటా కేంద్రాలలో ఖర్చయింది. దీనిని బట్టి వీక్షకుని ఎంపికకు లోబడిన భాగమే అన్నింటికంటే పెద్దదని తెలుస్తుంది. అయితే ఫోనులో చూసినప్పుడు ఈ నిష్పత్తి తారుమారవుతుంది. ఫోను తీసుకునే విద్యుత్తు చాలా స్వల్పం కనుక, మొత్తం ఖర్చులో 80 శాతానికి పైగా డేటా రవాణాకే చెందుతుంది.

కొలిచే పద్ధతి

ఒక సాధనం ఏ క్షణంలోనైనా విద్యుత్తును తీసుకునే వేగాన్ని వాట్లలో కొలుస్తారు. 1000 వాట్ల సాధనం ఒక గంట పనిచేస్తే ఒక కిలోవాట్-గంట ఖర్చవుతుంది. విద్యుత్తు బిల్లులో యూనిట్ అని వ్రాసేది దీనినే. లెక్క ఈ విధంగా ఉంటుంది:

యూనిట్లు = వాట్లు × గంటలు ÷ 1000

ఉదాహరణకు 40 వాట్ల టీవీని రోజుకు 3 గంటల చొప్పున ఏడాది పొడవునా చూస్తే 40 × 3 × 365 ÷ 1000, అనగా సుమారు 44 యూనిట్లు అవుతాయి.

సాధనం వెనుక ముద్రించిన వాట్లు తరచుగా అది తీసుకోగల గరిష్ఠ పరిమితిని తెలుపుతాయి. వాస్తవపు వాడకం అంతకంటే తక్కువగా ఉండవచ్చును. కచ్చితంగా తెలుసుకోవాలంటే సాకెట్టుకు, ప్లగ్గుకు మధ్య అమర్చే చిన్న విద్యుత్ మీటరును ఉపయోగించవచ్చును. అది లేనివారు ఇంటి మీటరుతోనే స్థూలంగా కొలవవచ్చును. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న దీపం మిణుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు పైననే ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య 3200 అనుకొందాము. ఇంటిలోని మిగిలిన వస్తువులన్నీ ఆపి టీవీని మాత్రమే నడిపినప్పుడు పది నిమిషాలలో దీపం 40 సార్లు మిణికితే, గంటకు 240 సార్లు మిణికినట్లు. 240ని 1000తో గుణించి 3200తో భాగిస్తే 75 వస్తుంది. అనగా ఆ టీవీ 75 వాట్లు తీసుకుంటున్నదని అర్థం. విద్యార్థులు ఈ ప్రయోగాన్ని పెద్దల సమక్షంలో ఇంటి వద్దనే చేయవచ్చును.

సాధనాలు - వాటి వాడకం

ఈ క్రింది అంకెలు స్థూలమైనవి. తయారీ, నమూనా, తెర కాంతిని బట్టి మారుతూ ఉంటాయి. రోజుకు 3 గంటలు వీడియో చూస్తే ఏడాదికి అయ్యే యూనిట్లు ప్రక్కన ఇవ్వబడినవి.

* మొబైలు ఫోను: సుమారు 2 వాట్లు - 2 యూనిట్లు
* స్ట్రీమింగు స్టిక్కు (టీవీకి అదనంగా): సుమారు 3 వాట్లు - 3 యూనిట్లు
* టాబ్లెట్: సుమారు 5 వాట్లు - 5.5 యూనిట్లు
* ల్యాప్‌టాప్: సుమారు 20 వాట్లు - 22 యూనిట్లు
* 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ: సుమారు 40 వాట్లు - 44 యూనిట్లు
* గేమింగ్ కన్సోల్ (టీవీకి అదనంగా): సుమారు 70 వాట్లు - 77 యూనిట్లు
* 43 అంగుళాల టీవీ: సుమారు 80 వాట్లు - 88 యూనిట్లు
* 55 అంగుళాల 4కె టీవీ: సుమారు 120 వాట్లు - 131 యూనిట్లు
* మానిటరుతో కూడిన డెస్క్‌టాప్ కంప్యూటరు: సుమారు 120 వాట్లు - 131 యూనిట్లు

ఈ పట్టికలో గేమింగ్ కన్సోల్‌ను ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. ఆటలకై తయారైన ఈ శక్తివంతమైన యంత్రాన్ని కేవలం సినిమా చూడడానికి వాడితే, అదే పనిని చేసే స్టిక్కు కంటే ఇరవై రెట్లకు పైగా విద్యుత్తు ఖర్చవుతుంది. తెరపై కనబడే సినిమా మాత్రం ఒకటే.

నిత్యం పనిచేసే పరికరాలు

రౌటరు సుమారు 10 వాట్లు తీసుకునే చిన్న పరికరం. కాని ఇది రోజుకు 24 గంటలూ పనిచేస్తుంది. 10 × 24 × 365 ÷ 1000 ప్రకారం ఏడాదికి సుమారు 88 యూనిట్లు అవుతాయి. రోజుకు మూడు గంటలు చూసే 43 అంగుళాల టీవీకి అయ్యే ఖర్చు కూడా ఇంతే. రాత్రి ఏడు గంటల పాటు రౌటరును ఆపివేస్తే ఏడాదికి సుమారు 25 యూనిట్లు ఆదా అవుతాయి. ఇంటిలో నిఘా కెమెరా, అంతర్జాలం మీద ఆధారపడే టెలిఫోను మొదలైనవి ఉన్నవారికి ఇది సాధ్యపడకపోవచ్చును.

సెట్‌టాప్ బాక్సు కథ కూడా ఇటువంటిదే. రిమోటుతో ఆపినప్పుడు కొన్ని నమూనాలలో ముందున్న దీపం రంగు మాత్రమే మారుతుంది. లోపలి భాగాలు దాదాపు యథాతథంగా పనిచేస్తూనే ఉంటాయి. 10 వాట్ల బాక్సు ఇలా రాత్రింబవళ్ళు పనిచేస్తే 88 యూనిట్లు, చూసే మూడు గంటలు తప్ప మిగిలిన వేళ గోడ స్విచ్చి వద్ద ఆపివేస్తే 11 యూనిట్లు అవుతాయి. అమెరికాలో 2011లో సహజ వనరుల రక్షణ మండలి ప్రకటించిన నివేదిక ప్రకారం ఆ దేశంలోని సెట్‌టాప్ బాక్సులు 2010లో సుమారు 2700 కోట్ల యూనిట్లు వాడాయి. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎవరూ చూడని వేళలో ఖర్చయినవే. దరిమిలా 2012 డిసెంబరులో అక్కడి కేబులు, ఉపగ్రహ ప్రసార సంస్థలు, తయారీదారులు విద్యుత్తు వాడకాన్ని తగ్గించడానికి స్వచ్ఛంద ఒప్పందం చేసుకొన్నారు.

సాధనం వాడకంలో లేకున్నా ప్లగ్గులో ఉన్నంతసేపు తీసుకునే విద్యుత్తును స్టాండ్‌బై విద్యుత్తు అంటారు. దీనిని ఒక వాటుకు తగ్గించాలని 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రతిపాదించింది. ఐరోపా సమాఖ్య 2008లో చేసిన నిబంధన ద్వారా అనేక గృహోపకరణాలకు 2010 నుండి ఒక వాటు, 2013 నుండి అర వాటు పరిమితి విధించింది. అయితే అంతర్జాలానికి అనుసంధానమై వేచి ఉండే సాధనాలకు ఇంతకంటే ఎక్కువ అవసరమవుతుంది. టీవీలలో, కన్సోళ్ళలో త్వరగా తెరుచుకోవడానికి పెట్టే 'క్విక్ స్టార్ట్' వంటి అమరిక ఈ వాడకాన్ని ఇంకా పెంచుతుంది. కొన్ని సెకన్ల నిరీక్షణ తప్పించడానికి రోజంతా విద్యుత్తు ఖర్చవుతుంది.

నక్షత్ర లేబులు

భారతదేశంలో 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టాన్ని అనుసరించి 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఈ సంస్థను సంక్షిప్తంగా బీఈఈ అంటారు. ఇది 2006లో గృహోపకరణాలకు నక్షత్ర లేబులు విధానాన్ని ప్రవేశపెట్టింది. ఒకటి నుండి ఐదు వరకు ఉండే నక్షత్రాలలో ఐదు అత్యుత్తమం. తరువాత రంగుల టీవీలు కూడా ఈ విధానంలో చేరాయి. 4కె వంటి అల్ట్రా హై డెఫినిషన్ టీవీలకు 2021 జనవరి నుండి స్వచ్ఛంద పద్ధతిలో లేబులు మొదలయింది.

లేబులు చదివేటప్పుడు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

* నక్షత్రాలను తెర వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకొని ఇస్తారు. కనుక ఐదు నక్షత్రాల 55 అంగుళాల టీవీ, మూడు నక్షత్రాల 32 అంగుళాల టీవీ కంటే ఎక్కువ విద్యుత్తు తీసుకోవచ్చును.
* లేబులుపై ముద్రించిన వార్షిక యూనిట్ల సంఖ్యే వేర్వేరు పరిమాణాల టీవీలను పోల్చడానికి సరియైన ఆధారం.
* ప్రమాణాలను కాలానుగుణంగా కఠినతరం చేస్తారు. కనుక పాత లేబులులోని ఐదు నక్షత్రాలు, కొత్త లేబులులోని ఐదు నక్షత్రాలు సమానం కావు. లేబులుపై ఉన్న సంవత్సరాన్ని చూడాలి.

విదేశాలలో ఉన్న తెలుగువారికి ఆయా దేశాల లేబుళ్ళు ఉపయోగపడతాయి. అమెరికాలో 1992లో మొదలైన ఎనర్జీ స్టార్ చిహ్నం ఇటువంటిది. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి 1 నుండి టీవీలకు ఏ నుండి జీ వరకు ఉండే కొత్త కొలమానం అమలులోకి వచ్చింది. ఇందులో సాధారణ చిత్రానికి, హెచ్‌డీఆర్ అనే అధిక కాంతి చిత్రానికి వేర్వేరు అంకెలు చూపుతారు.

ఎంపికలో గమనించవలసినవి

తెర పరిమాణం: తెర వైశాల్యం దాని మూలపు కొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువలన 55 అంగుళాల తెర వైశాల్యం 32 అంగుళాల తెరకు దాదాపు మూడు రెట్లు. గది పరిమాణాన్ని, కూర్చొనే దూరాన్ని బట్టి టీవీ కొనాలి కాని, దుకాణంలో ప్రక్క టీవీతో పోల్చి కాదు.

చూసేవారి సంఖ్య: ఒక్కరే చూసేటప్పుడు ఫోను, టాబ్లెట్ లేదా ల్యాప్‌టాప్ చాలును. నలుగురు కూడి చూసేటప్పుడు 40 వాట్ల టీవీ మనిషికి 10 వాట్ల చొప్పున పడుతుంది. నలుగురూ నాలుగు ఫోనులలో విడివిడిగా చూస్తే సాధనాల ఖర్చు తక్కువే అయినా, నాలుగు వీడియోలకు వేర్వేరుగా డేటా రావలసి ఉంటుంది.

ఉన్న టీవీకి స్టిక్కు: హెచ్‌డీఎంఐ సాకెట్టు ఉండి బాగా పనిచేస్తున్న టీవీకి స్ట్రీమింగు స్టిక్కు తగిలిస్తే చాలును. స్మార్ట్ టీవీ కావాలన్న ఒక్క కారణంతో దానిని మార్చనవసరం లేదు.

వీడియోను విప్పే సామర్థ్యం: వీడియోలు కుదించిన రూపంలో వస్తాయి. హెచ్.264, హెచ్ఈవీసీ, ఏవీ1 అనేవి కుదించే పద్ధతులు. వీటిని విప్పడానికి ప్రత్యేక చిప్పు ఉన్న సాధనం తక్కువ విద్యుత్తుతో పని ముగిస్తుంది. అది లేని పాత కంప్యూటరులో ప్రాసెసరే ఆ పని చేయవలసి వస్తుంది. దానితో యంత్రం వేడెక్కి, ఫ్యాను వేగంగా తిరిగి, విద్యుత్తు ఎక్కువగా ఖర్చవుతుంది.

అంతర్జాల మార్గం: ఇంటిలో బ్రాడ్‌బ్యాండు ఉన్నప్పుడు వై-ఫై ద్వారా చూడడం మంచిది. ఒకే పరిమాణం గల డేటాకు మొబైలు నెట్‌వర్కులో సాధారణంగా ఎక్కువ విద్యుత్తు అవుతుంది.

కోతల వేళ: ఇన్వర్టరు మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు తేడా ఇంకా స్పష్టమవుతుంది. 120 వాట్ల టీవీని ఒక గంట నడిపే విద్యుత్తుతో 20 వాట్ల ల్యాప్‌టాప్ ఆరు గంటలు నడుస్తుంది.

ఖర్చు లేని అమరికలు

కొత్త సాధనం కొనకుండానే కొంత ఆదా చేయవచ్చును.

* దుకాణంలో ప్రదర్శనకై పెట్టిన అత్యధిక కాంతి అమరికను ఇంటికి తగిన అమరికకు మార్చడం. ఎల్ఈడీ టీవీలో ఎక్కువ విద్యుత్తు వెనుక దీపాలకే అవుతుంది.
* గదిలోని వెలుతురును బట్టి కాంతిని మార్చే సెన్సారు ఉంటే దానిని వాడడం.
* ఒక భాగం ముగిసిన వెంటనే తరువాతి భాగం దానంతట అదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపడం. చూస్తూ నిద్రపోయే అలవాటున్నవారు టీవీలోని నిద్ర టైమరును పెట్టుకోవచ్చును.
* ఉదయం సుప్రభాతం, భక్తి గీతాలు, సినిమా పాటలు వినడానికి టీవీని వాడేవారు తెరను మాత్రం ఆపే సదుపాయాన్ని ఉపయోగించడం లేదా ఫోనుకు చిన్న స్పీకరు తగిలించడం.
* టీవీ, స్టిక్కు, సౌండ్‌బారులను ఒకే స్విచ్చి ఉన్న పొడిగింపు బోర్డుకు తగిలించి, చూడడం ముగిశాక ఒకేసారి ఆపడం. తయారీదారు సూచనలలో ప్లగ్గు తీయవద్దని వ్రాసిన టీవీలకు ఆ సూచననే పాటించాలి.

ఒక పోలిక

రోజుకు మూడు గంటలు చూసే రెండు ఇళ్ళను ఉదాహరణగా తీసుకోవచ్చును. మొదటి ఇంటిలో 55 అంగుళాల టీవీ, స్ట్రీమింగుకై వాడే గేమింగ్ కన్సోల్, ఎప్పుడూ ఆపని సెట్‌టాప్ బాక్సు ఉన్నాయి. పై లెక్కల ప్రకారం ఏడాదికి 131, 77, 88 యూనిట్లు కలిసి సుమారు 296 యూనిట్లు అవుతాయి. రెండవ ఇంటిలో 32 అంగుళాల టీవీ, స్టిక్కు ఉండి, వాడకం ముగియగానే స్విచ్చి ఆపుతారు. వారికి సుమారు 47 యూనిట్లు. రెండు ఇళ్ళలోనూ రౌటరు ఖర్చు సమానమే. తేడా ఏడాదికి సుమారు 249 యూనిట్లు, నెలకు 20 యూనిట్లకు పైమాటే.

నెలకు 20 యూనిట్లు చిన్న సంఖ్యగా కనిపించవచ్చును. కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో గృహ విద్యుత్తు ధర శ్లాబులను బట్టి పెరుగుతుంది. ఆదా అయ్యే యూనిట్లు బిల్లులోని చివరి యూనిట్లు, అనగా అత్యధిక ధర పడే యూనిట్లు. తెలంగాణలో 2024 మార్చి నుండి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు వాడకానికి బిల్లు ఉండదు. ఆ పరిమితికి చేరువలో ఉన్న కుటుంబానికి 20 యూనిట్ల తేడా వలన సున్నా బిల్లు దక్కడమో, చేజారడమో జరుగుతుంది.

పర్యావరణ దృష్టితో చూస్తే, భారత విద్యుత్ వ్యవస్థలో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. పై తేడా ఏడాదికి సుమారు 174 కిలోల వాయువుకు సమానం.

అపోహలు

స్ట్రీమింగు అన్నింటికంటే పెద్ద కాలుష్య కారకం: 2019లో ఫ్రాన్సుకు చెందిన షిఫ్ట్ ప్రాజెక్ట్ అనే సంస్థ అరగంట వీడియో చూస్తే 1.6 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని పేర్కొన్నట్లు పత్రికలలో విస్తృతంగా ప్రచారమయింది. ఆ లెక్కలో బిట్‌కు, బైట్‌కు మధ్య పొరపాటు జరిగిందని 2020లో ఆ సంస్థ సవరించుకొన్నది. ఒక బైట్‌లో ఎనిమిది బిట్లు ఉంటాయి కనుక ఈ ఒక్క పొరపాటే అంకెను ఎనిమిది రెట్లు పెంచింది. 2021లో బ్రిటనుకు చెందిన కార్బన్ ట్రస్ట్ ఐరోపాలో ఒక గంట స్ట్రీమింగుకు సగటున సుమారు 55 గ్రాములని అంచనా వేసింది.

వీడియో నాణ్యతను తగ్గిస్తే బిల్లు బాగా తగ్గుతుంది: నాణ్యత తగ్గిస్తే డేటా ఆదా అవుతుంది. కాని తెర కాంతి మారదు కనుక టీవీ తీసుకునే విద్యుత్తులో పెద్ద తేడా రాదు. నెట్‌వర్కు పరికరాలు కూడా డేటా తక్కువగా ఉన్నంత మాత్రాన అదే నిష్పత్తిలో విద్యుత్తును తగ్గించుకోవు. 2020 మార్చిలో లాక్‌డౌన్ సమయాన భారతదేశంలోని స్ట్రీమింగు సంస్థలు మొబైలు నెట్‌వర్కులపై వీడియోలను 480పి నాణ్యతకు పరిమితం చేసినది నెట్‌వర్కుల రద్దీని తగ్గించడానికి.

ఫోను ఛార్జరు ప్లగ్గులో వదిలితే చాలా ఖర్చు: ఫోను తగిలించని నేటి ఛార్జరు సాధారణంగా అర వాటు కంటే తక్కువ తీసుకుంటుంది. ఏడాదంతా వదిలినా 4 యూనిట్లకు అటూ ఇటూ మాత్రమే. దానిని ఆపడం మంచి అలవాటే అయినా, రౌటరు, సెట్‌టాప్ బాక్సులతో పోలిస్తే అది స్వల్పం.

పాత సాధనాలను మార్చడం

కొత్త సాధనం తయారీకి కూడా ఇంధనం, లోహాలు, నీరు ఖర్చవుతాయి. ఫోను వంటి చిన్న సాధనాల విషయంలో జీవితకాలపు కాలుష్యంలో అధిక భాగం తయారీలోనే జరుగుతుంది. కనుక పనిచేస్తున్న ఫోనును విద్యుత్తు ఆదా పేరుతో మార్చడం వలన ప్రయోజనం లేదు. ఎక్కువ గంటలు వాడే పాత పెద్ద టీవీ పాడైనప్పుడు తక్కువ యూనిట్ల నమూనాను ఎన్నుకోవడం సబబు. పాతదానిని మరొక గదిలో పెట్టి వాడితే ఆశించిన ఆదా దక్కదు. పనికిరాని సాధనాలను మామూలు చెత్తలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వీటి పునర్వినియోగ బాధ్యత తయారీదారులపై ఉన్నది. నమోదైన సేకరణ కేంద్రాలకు వీటిని అందజేయవచ్చును.

ఇవి కూడా చూడండి

* విద్యుత్తు
* వాట్
* టెలివిజన్
* ఇంధన పరిరక్షణ
* ఎలక్ట్రానిక్ వ్యర్థాలు